దాచిన పొగ, మానని దవడ నొప్పి

కొబ్బరి ముక్క కొరకలేని మనిషి కోనసీమలో ఉంటాడా? ఉంటాడని ఆరేళ్ళ క్రితం మాకు తెలిసివచ్చింది. ఆ మనిషి మరెవరో కాదు, మేమే. ఒకనాటి ఉదయం ఇంట్లో పిల్లలు పచ్చికొబ్బరి, బెల్లం ముక్క చేతిలో పెట్టారు. కొరకబోయేసరికి కుడిచెవి ముందు మేకు దిగినట్లయింది. ముక్కను మెల్లగా పళ్ళెంలో పెట్టేశాం. ఆ రోజు నుంచి ఆవులిస్తే నొప్పి, అన్నం ముద్ద కాస్త పెద్దదైతే నొప్పి, తెల్లవారి లేస్తే దవడ బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడానికే పావుగంట పట్టేది.

మా వృత్తి నోటితో ముడిపడి ఉన్నది. పిల్లలకు ఖురాన్ పారాయణం నేర్పాలంటే ప్రతి అరబీ అక్షరాన్నీ దాని మఖ్రజ్ నుంచి, అంటే అది పుట్టవలసిన చోటు నుంచి, స్పష్టంగా పలికి వినిపించాలి. గొంతులోంచి వచ్చేవి కొన్ని, నాలుక అంచు నుంచి వచ్చేవి కొన్ని. దవడ సరిగ్గా తెరుచుకోకపోతే ఇవేవీ సరిగా రావు. ఒకరోజు తొమ్మిదేళ్ళ కుర్రవాడు లేచి, "హజ్రత్, మీరు పలికితేనే కదండీ మేం పలికేది" అన్నాడు. వాడు ఎగతాళికి అనలేదు. అమాయకంగానే అన్నాడు. కానీ ఆ మాట మమ్మల్ని నొప్పి కంటే ఎక్కువ బాధించింది. ఎందుకంటే ఆ నొప్పి వెనుక మేము దాచిపెట్టిన సంగతి ఒకటుంది.

ఇరవయ్యేళ్ళ వయసులో, ఇల్లు వదిలి చదువుకుంటున్న రోజుల్లో మాకు బీడీ అలవాటైంది. పెద్దవాళ్ళకు తెలియకుండా మొదలుపెట్టాం, ఉపాధ్యాయులమయ్యాక పిల్లలకు తెలియకుండా కొనసాగించాం. నెత్తిన టోపీ, ముఖాన గడ్డం, జేబులో మాత్రం బీడీ కట్ట. ఈ విషయం ఈ పేజీలో రాయడానికి మాకు సిగ్గుగానే ఉంది. అయినా రాయక తప్పదనిపించింది. ఆ సిగ్గే మా చికిత్సను కొన్ని నెలలపాటు వృథా చేసింది. ఇలా దాచుకునేవారు మన ఇళ్ళల్లో ఇంకా ఎందరో ఉన్నారు.

చెవిపోటు కాదు, పంటినొప్పీ కాదు

మొదట చెవిలో ఏదో అయిందనుకున్నాం. చుక్కలు వేయించుకున్నాం. తగ్గలేదు. తర్వాత పంటి దోషమనుకున్నాం. ఒకచోట చివరి దవడపన్ను పీకించుకున్నాం కూడా. పన్ను పోయింది కాని నొప్పి పోలేదు. మన వైపు ఇటువంటి నొప్పికి వాతం చేసిందనో, చలిగాలి తగిలిందనో చెప్పుకుని ఆవిరి పట్టుకుని ఊరుకునే వాళ్ళూ ఉన్నారు. అసలు జబ్బు ఎక్కడున్నదో తెలియక ఇలా నెలలు గడిచిపోతాయి.

మీరే ఒకసారి చూడండి. రెండు చెవుల ముందు చెరొక వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేళ్ళ కింద కదులుతున్నదే దవడ కీలు. దంతవైద్యులు దీన్ని టెంపోరోమాండిబ్యులర్ జాయింట్ అనీ, క్లుప్తంగా టీఎంజే అనీ అంటారు. ఇది తలుపు బందులాగా తిరుగుతుంది, సొరుగులాగా ముందుకు కూడా జారుతుంది. రెండు ఎముకల మధ్య మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది. మాట్లాడినా, నమిలినా, మింగినా, ఆవులించినా ఈ కీలు పని చేయవలసిందే. మోకాలికి నొప్పి వస్తే మంచాన పడి విశ్రాంతి ఇవ్వవచ్చు. దవడకు పూర్తి విశ్రాంతి ఇచ్చేదెలా?

ఈ కీలుకు గాని, దాన్ని కదిపే నమిలే కండరాలకు గాని బాధ కలిగినప్పుడు చెవి ముందు నొప్పి, కణతల్లో పోటు, నోరు తెరిచేటప్పుడు టక్కుమనే చప్పుడు, ఒక్కొక్కసారి నోరు సగం తెరుచుకుని ఆగిపోవడం జరుగుతాయి. కారణం ఒక్కటే ఉండదు. పళ్ళు బిగించడం, నిద్రలో పళ్ళు నూరడం, దెబ్బ తగలడం, కీళ్ళవాపు, మనోవేదన, నిద్రలేమి ఇవన్నీ కలిసి పని చేస్తాయి. పురుషుల కంటే స్త్రీలలో ఈ బాధ ఎక్కువ. కనుక పొగ మాత్రమే దవడ నొప్పి తెస్తుందని మేము చెప్పడం లేదు. పొగ ముట్టని వారికీ ఇది వస్తుంది. మేము చెప్పదలచింది వేరు. వచ్చిన నొప్పిని పొగ పెంచుతుంది, చేస్తున్న వైద్యాన్ని బలహీనపరుస్తుంది.

పరిశోధనలు చెబుతున్నదేమిటి?

ఇది మా ఊహ కాదు. అమెరికాలో రోచెస్టర్ పట్టణంలోని మేయో క్లినిక్ వైద్యులు దవడ కీలు నొప్పితో వచ్చిన రోగులను పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. పొగాకు వాడేవారిలో నొప్పి తీవ్రత ఎక్కువని, ఆ నొప్పి వారి దైనందిన జీవితానికి ఎక్కువగా అడ్డు వస్తున్నదని అందులో తేలింది. కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2013లో ఇదే విషయాన్ని మరో కోణం నుంచి చూశారు. పొగతాగే రోగులలో నొప్పితోపాటు నిద్రలేమి, మానసిక ఆందోళన కూడా ఎక్కువగా ఉన్నాయన్నారు. మరో అధ్యయనం నేరుగా చికిత్స ఫలితాన్నే పరిశీలించింది. పొగతాగని వారికి దొరికినంత ఉపశమనం పొగతాగే వారికి దొరకలేదని చెప్పింది.

ఇక నిద్రలో పళ్ళు నూరడం సంగతి. కెనడాలో 1997లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం ఈ అలవాటు పొగతాగేవారిలో ఇతరుల కంటే దాదాపు రెండింతలు ఉంది. రాత్రంతా పై పన్ను కింది పన్ను రాపాడితే ఆ భారమంతా ఎవరు మోయాలి? దవడ కీలే మోయాలి.

ఇలా ఎందుకు జరుగుతుందో వైద్యులు కొంతవరకు వివరిస్తున్నారు. పొగలోని నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది. పొగతోపాటు లోపలికి వెళ్ళే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. అలసిన కండరానికి, గాయపడిన కణజాలానికి అందవలసిన ప్రాణవాయువు తగ్గితే అది మానేదెప్పుడు? దవడకు శస్త్రచికిత్స అవసరమయ్యేది చాలా తక్కువ మందికే. కాని చేయవలసి వస్తే ముందు కొన్ని వారాలు పొగ మానమని వైద్యులు చెప్పేది, గాయం త్వరగా మానాలనే. ఇక నికోటిన్ ఉత్తేజాన్నిచ్చే పదార్థం కనుక నిద్రను పలుచన చేస్తుంది. నిద్ర చాలని శరీరానికి చిన్న నొప్పి కూడా పెద్దదిగా తోస్తుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ అధ్యయనాలు పొగకూ నొప్పికీ పొత్తు ఉందని చూపుతున్నాయి. పొగ వల్ల నొప్పి పెరుగుతున్నదా, నొప్పికి తాళలేక మనిషి ఎక్కువ పొగ తాగుతున్నాడా, నిద్రలేమి, ఆందోళన ఈ రెంటినీ కలుపుతున్నాయా అన్న ప్రశ్నలు ఉన్నాయి. బహుశా అన్నీ ఒకదానికొకటి తోడవుతుండవచ్చు. కాని రోగికి కావలసింది ఆ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచడం. మన చేతిలో ఉన్న చోటు ఏది? వేళ్ళ మధ్య ఉన్న బీడీయే కదా!

అడగని వైద్యుడు, చెప్పని రోగి

మా అనుభవానికి తిరిగి వస్తాం. పన్ను పీకించుకున్నాక మరొక దంతవైద్యుని వద్దకు వెళ్ళాం. ఆయన మంచివారు, జబ్బును సరిగ్గానే గుర్తించారు. మెత్తని ఆహారం తినమన్నారు, వేడి కాపడం పెట్టమన్నారు, మాత్రలు రాశారు, రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ చేయించి ఇచ్చారు. అన్నీ సరైన సలహాలే. ఈ బాధలు చాలామందికి ఇటువంటి సాదా చికిత్సతోనే కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో తగ్గుముఖం పడతాయి. అయితే ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. పొగతాగుతారా అని అడగలేదు. మా గడ్డం, టోపీ చూసి ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదనుకున్నారో ఏమో. మేమూ చెప్పలేదు. ఉదయం నైట్ గార్డ్ తీసి కడిగి పెట్టడం, వెంటనే పెరట్లోకి పోయి బీడీ ముట్టించడం. మూడు నెలలు ఇలా గడిచాయి. నొప్పి అంగుళం కదలలేదు. పైగా, "ఈ డాక్టర్ల వల్ల కాదు" అని నలుగురితో అన్నాం కూడా. మా తప్పును ఆయన మీదకు నెట్టాం.

ఆ తర్వాత గోదావరి దాటి రాజమహేంద్రవరంలో ఇంకొక వైద్యురాలికి చూపించుకున్నాం. ఆమె నోరు చూసి, పళ్ళ వెనుక మరకలు చూసి, సూటిగా, "రోజుకు ఎన్ని కాలుస్తారండీ?" అని అడిగారు. "ఎప్పుడో ఒకటమ్మా" అన్నాం. పక్కనే కూర్చున్న మా ఇంటావిడ తల వంచుకుని, "రోజుకో కట్టండీ డాక్టరుగారూ. రాత్రిళ్ళు లేచి కాల్చేవి ఆ లెక్కలో లేవు" అన్నది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె పరాయివారి ముందు మా మాట కాదనడం అదే మొదటిసారి. మాకు తల కొట్టేసినట్లయింది. ఇప్పుడు తలచుకుంటే ఆ రోజు మాకు వైద్యం చేసింది ఆమే అనిపిస్తుంది.

ఆ వైద్యురాలు కోప్పడలేదు. "మందు నేనిస్తాను, కాని సగం వైద్యం మీ జేబులోనే ఉంది, దాన్ని బయట పారేయండి" అన్నారు. ఆ సాయంత్రం నుంచి మానేశాం. మానడం తేలిక అని చెబితే అబద్ధమవుతుంది. మొదటి రెండు వారాలు దవడ నొప్పి తగ్గకపోగా పెరిగినట్లనిపించింది. చిరాకులో తెలియకుండానే పళ్ళు బిగించేవాళ్ళం. పిల్లల మీద కసురుకున్నాం. మూడో వారం నుంచి నిద్ర కుదుటపడింది. మూడు నెలలకు నోరు మూడు వేళ్ళ మేర తెరుచుకున్నది. దీనికి మాత్రలూ, నైట్ గార్డూ, వ్యాయామాలూ కూడా కారణమే. బీడీ ఒక్కటి మానడం వల్లనే అయిందని మేము అనం. కాని అంతకుముందు మూడు నెలలు అదే నైట్ గార్డ్, దాదాపు అవే మాత్రలు. అప్పుడు పని చేయనివి ఇప్పుడు ఎందుకు పని చేశాయో పాఠకులే ఆలోచించాలి.

వినిపించే సాకులు

ఈ సంగతి మిత్రులతో చెప్పినప్పుడు కొన్ని అభ్యంతరాలు వినిపించాయి. వాటికి జవాబు చెప్పుకోవడం అవసరం.

"మా తాత లంక పొగాకు చుట్టలు కాల్చి ఎనభై ఏళ్ళు బతికాడు" అంటారు. గోదావరి లంకల పొగాకు పేరున్నదే. పండించే రైతు కష్టాన్ని మేము చిన్నబుచ్చడం లేదు. కాని బతికిన తాత గురించి చెప్పేవారు, బతకని తాతల గురించి చెప్పరు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొనను నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా గ్రామీణులను పరీక్షించిన సర్వే ఒకటి 1971లో ప్రచురితమైంది. అడ్డపొగ తాగేవారి అంగిలిలో కలిగే మార్పులను, క్యాన్సర్ ప్రమాదాన్ని అది లోకానికి చూపింది. చుట్ట మన నేల మీద పుట్టినంత మాత్రాన మన నోటికి చుట్టం కాదు.

పెద్దల మాట వచ్చింది కనుక చరిత్రలోని ఒక సంగతి. బీజాపూర్ నుంచి అసద్ బేగ్ అనే ఉద్యోగి అక్బర్ దర్బారుకు పొగాకు తెచ్చినప్పుడు, ఇది మనకు తెలియని వస్తువని, తాగవద్దని రాజవైద్యుడు అభ్యంతరం చెప్పాడు. తర్వాత జహంగీర్ 1617లో పొగ తాగడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేశాడు. అంటే మన దేశంలోకి పొగాకు వచ్చిన మొదటి తరంలోనే వద్దన్న పెద్దలున్నారు. మనం మాత్రం తాగిన పెద్దలనే గుర్తుంచుకున్నాం.

"నొప్పి పుట్టినప్పుడు ఒక దమ్ము లాగితే హాయిగా ఉంటుంది" అంటారు. మేమూ అలాగే అనుకున్నాం. పంటినొప్పికి పొగాకు కాడ నోట్లో పెట్టుకునే అలవాటు మన పల్లెల్లో ఉన్నదే. నికోటిన్ కాసేపు నొప్పిని మరిపించవచ్చు. కాని ఆ హాయిలో ఎక్కువ భాగం, నికోటిన్ అందక తల్లడిల్లుతున్న శరీరానికి మళ్ళీ అది అందిన హాయే. అప్పు తెచ్చి పాత అప్పు వడ్డీ కట్టడం వంటిది. కట్టిన నాడు మనశ్శాంతిగానే ఉంటుంది. అసలు మాత్రం తీరదు.

"హరామ్ అని అందరూ అనలేదు కదా, మక్రూహ్ అన్న ఉలమాలూ ఉన్నారు కదా" అంటారు. ఆ చర్చ ఉన్నదే. దాన్ని తేల్చే యోగ్యత మాకు లేదు. కాని ఈ దేహం మనకు అమానత్ అన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఉల్లి, వెల్లుల్లి వాసనతో మసీదుకు రావద్దని నేర్పిన ధర్మం మనది. పళ్ళు తోముకోవడానికి మిస్వాక్ వాడడాన్ని సున్నత్‌గా భావించే సముదాయం మనది. నోటి శుభ్రతకు ఇంత విలువిచ్చిన మనం, జుమా నమాజు ముగిసీ ముగియకముందే గేటు బయట నిలబడి అత్తరు వాసన మీద బీడీ వాసన పూసుకోవడం ఏం న్యాయం?

జాగ్రత్తగా గమనించవలసినవి

దవడ బాధలన్నీ ఒకటి కావు. మూడు సంగతులు పాఠకులు తప్పక గుర్తుంచుకోవాలి.

మొదటిది, నోరు రోజురోజుకూ తక్కువగా తెరుచుకోవడం. మూడు వేళ్ళు నిలువుగా చేర్చి పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే, అందులోనూ కారం తగిలితే నోరు మండుతూ, బుగ్గల లోపల తెల్లబడి గట్టిపడుతూ ఉంటే, అది కీలు నొప్పి కాకపోవచ్చు. గుట్కా, వక్కపొడి, వక్క కలిపిన పాన్ మసాలా నమిలేవారికి వచ్చే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ కావచ్చు. అది క్యాన్సర్‌కు దారి తీయగల జబ్బు. మానని పుండు గాని, తెల్లని లేదా ఎర్రని మచ్చ గాని నోటిలో రెండు మూడు వారాలకు మించి ఉంటే వెంటనే చూపించుకోవాలి. సిగరెట్ ముట్టని మన ఆడవారు కొందరు పాన్‌లో జర్దా వేసుకుంటారు. వారికీ ఈ మాట వర్తిస్తుంది.

రెండవది, గుండె. నడుస్తున్నప్పుడో, మెట్లెక్కుతున్నప్పుడో దవడలో నొప్పి పుట్టి, ఆగితే తగ్గుతున్నదా? దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమట, ఆయాసం, చెయ్యి లాగడం ఉన్నాయా? అప్పుడు దంతవైద్యుని కోసం చూడకండి. అది గుండెపోటు సూచన కావచ్చు. పొగతాగేవారికి ఆ ప్రమాదం మరింత ఎక్కువ. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మూడవది, పొగ మానడానికి వాడే మందులు. నికోటిన్ చూయింగ్ గమ్ చాలామందికి ఉపయోగపడుతుంది. కాని దవడ కీలు నొప్పి ఉన్నవారు గంటల తరబడి గమ్ నమలడం మంచిది కాదు, నొప్పి పెరుగుతుంది. అటువంటివారు చర్మానికి అంటించుకునే ప్యాచ్ వంటి వేరే మార్గాల గురించి వైద్యుని అడగాలి. ఈ కారణం చేత కూడా, పొగ తాగుతామన్న సంగతీ, దవడ నొప్పి ఉన్న సంగతీ రెండూ ఒకే వైద్యునికి తెలియాలి.

నొప్పి ఉన్నన్నాళ్ళు గట్టి మాంసం ముక్కలు, ఎండుకొబ్బరి, చెరకు గడ మానుకోవాలి. జావ, ఖిచిడీ, మెత్తగా ఉడికిన కూర, చిన్న ముద్దలు తీసుకోవాలి. తీపి తినాలనిపిస్తే ఆత్రేయపురం పూతరేకులు ఉండనే ఉన్నాయి, వాటిని నమిలే పనే లేదు. పెదవులు కలిసి ఉన్నా పళ్ళు విడిగా ఉండేట్టు అలవాటు చేసుకోవాలి. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించాలి. వ్యాయామాలు మాత్రం వైద్యుడు చూపించిన విధంగానే చేయాలి.

ఎవరెవరు ఏం చేయాలి?

వైద్యులకు మా విన్నపం ఒక్కటే. దవడ నొప్పితో వచ్చిన ప్రతి మనిషినీ, అతని వేషం ఎలా ఉన్నా, పొగాకు గురించి అడగండి. గౌరవంగా అడగండి, కాని అడగకుండా వదలకండి. మీ మౌనం మాకు మర్యాదగా తోచవచ్చు. మా దవడకు మాత్రం అది మేలు చేయదు.

రోగులకు మా మాట. వైద్యుని ముందు అబద్ధం చెబితే మోసపోయేది మనమే. ఆయన ఫీజు ఆయనకు ముడుతుంది, నొప్పి మనకు మిగులుతుంది. రోజుకు ఎన్ని, ఎన్నేళ్ళుగా, రాత్రిళ్ళు లేచి తాగుతామా అన్నది ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

ఇంట్లోవారికి, ముఖ్యంగా తల్లులకు, భార్యలకు ఒక మాట. ఎత్తిపొడుపులు మనిషిని పెరట్లోకి తరుముతాయి, పొగను మాన్పించవు. అలాగని కప్పిపుచ్చడం ప్రేమ కాదు. మా ఇంటావిడలాగా అవసరమైన చోట నిజం చెప్పండి. మన కోనసీమలో కువైట్, దుబాయ్ వెళ్ళి వచ్చిన కుర్రవాళ్ళున్న ఇళ్ళు ఎన్నో. సెలవుకు వచ్చేటప్పుడు బాబాయికీ మామూజాన్‌కీ విదేశీ సిగరెట్ పెట్టెలు కానుకగా తెచ్చే ఆచారం ఒకటి పుట్టింది. ఖర్జూరాలు తెండి, అత్తరు తెండి. నొప్పిని కానుకగా తేకండి.

పెద్దలకు మరొక మనవి. పిల్లవాణ్ణి కొట్టుకు పంపి బీడీ కట్ట తెప్పించుకోకండి. 18 ఏళ్ళ లోపు పిల్లలకు పొగాకు అమ్మడాన్ని 2003 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. విద్యాసంస్థకు వంద గజాల లోపల అమ్మకమూ నిషిద్ధమే. బహిరంగ స్థలాల్లో పొగ తాగడంపై నిషేధం 2008 అక్టోబర్ 2 నుంచి గట్టిగా అమలులోకి వచ్చింది. అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా మసీదు కమిటీలు పోలీసుల కోసం ఎదురుచూడనక్కరలేదు. మసీదు గేటు, మదర్సా అరుగు, షాదీఖానా ఆవరణ ఇవి పొగ లేని చోట్లని తామే నిర్ణయించి ఒక బోర్డు పెడితే చాలు. ఖతీబ్ సాహెబ్‌లు ఏడాదిలో ఒక జుమా ప్రసంగాన్ని ఈ విషయానికి కేటాయిస్తే ఎంత మేలు!

ఇక రమజాన్. పొగతాగేవాడు, "ఒక్క గంట కూడా ఉండలేను" అంటాడు. అదే మనిషి సహరీ నుంచి ఇఫ్తార్ వరకు సుమారు 13 గంటలు ఉంటున్నాడు. ఉండగలనని తనకు తానే నిరూపించుకుంటున్నాడు. కాని మగ్రిబ్ అజాన్ వినగానే ఖర్జూరం తర్వాత బీడీ వెలిగించి, పగటి బాకీ అంతా రాత్రికి తీర్చుకుంటున్నాడు. నికోటిన్ మానినప్పటి బాధ మొదటి కొద్ది రోజులు తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుందని వైద్యులంటారు. ఒక నెల సరిపోతుంది. పగలు గెలిచినవాడు రాత్రి కూడా గెలిస్తే ఈద్ నాటికి విముక్తుడు. అయితే అందుకు రమజాన్ దాకా ఆగవలసిన పనిలేదు. మేము మానింది ఒక మామూలు మంగళవారం సాయంత్రం. ఒంటరిగా కానివారు సిగరెట్ పెట్టెల మీదనే అచ్చయిన 1800 11 2356 అన్న ఉచిత నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

ఇంతకూ మా కథ ముగింపు చెప్పాలి. మమ్మల్ని ప్రశ్నించిన ఆ కుర్రవాడు ఇప్పుడు పదిహేనేళ్ళవాడు. మేము పలికితే వాడు పలికాడు. ఇప్పుడు చిన్నపిల్లలకు వాడే పాఠం చెబుతున్నాడు. మా దవడ పూర్తిగా బాగైందని చెప్పలేము. చలికాలం ఉదయాల్లో, ఎక్కువసేపు మాట్లాడినప్పుడు ఇప్పటికీ గుర్తు చేస్తుంటుంది. కాని పచ్చికొబ్బరి ముక్క చిన్నదైతే కొరకగలుగుతున్నాం. అంతకంటే ముఖ్యం, పిల్లల ముందు జేబు దాచుకోవలసిన అవసరం లేదు.

సోదర సోదరీమణులారా! ఈ శుక్రవారం మీ ఇంట్లో ఎవరైనా చెవి ముందు చెయ్యి పెట్టుకుని ముఖం చిట్లిస్తే, మందు బిళ్ళ ఇచ్చే ముందు పక్కన కూర్చుని నెమ్మదిగా ఒక్క ప్రశ్న అడగండి. ఎన్ని కాలుస్తున్నావని అడగండి. చికిత్స అక్కడి నుంచి మొదలవుతుంది. నిజం ఒప్పుకునే ధైర్యాన్ని, మానే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.